స్కేప్‌గోట్ అంటే బలిపశువేనా?

ప్రశ్న: ఇంగ్లిషు పత్రికల్లో ‘స్కేప్‌గోట్’ అని ఉన్నచోటల్లా మనవాళ్లు ‘బలిపశువు’ అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా? అసలు ఇందులోకి మేక ఎలా వచ్చింది?

జవాబు: చాలాచోట్ల ఆ మాట సరిపోతుంది కానీ, అన్నిచోట్లా సరిపోదు. తేడా మేక కథలోనే ఉంది. బైబిలు లేవీయకాండము 16వ అధ్యాయం ప్రకారం, యూదుల ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలకు చీట్లు వేసి, ఒకదాన్ని యెహోవాకు బలి ఇచ్చేవారు. రెండోదాని తలమీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ ఉంచి, ప్రజల పాపాలన్నీ ఒప్పుకొని, వాటిని దాని నెత్తిన మోపి, ఒక మనిషిచేత అరణ్యంలోకి తోలించేవాడు. 1530లో ఆ కాండాన్ని ఇంగ్లిషులోకి తెచ్చిన విలియం టిండేల్, హీబ్రూ మూలంలో ఈ రెండో మేక విషయంలో వచ్చే ‘అజాజేల్’ అనే మాటను వెళ్లిపోయే మేకగా గ్రహించి ఈ పదాన్ని కల్పించాడు. కాబట్టి మూలకథలో బలైన మేక వేరు, స్కేప్‌గోట్ వేరు.

ఈ మాటకు ప్రాణం చావు కాదు, ఒకరి తప్పు మరొకరి నెత్తిన రుద్దడం. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ డ్రెఫస్ అనే యూదు సైనికాధికారి జర్మనీకి రహస్యాలు చేరవేశాడని 1894లో శిక్ష వేశారు. 1895 జనవరి 5న పారిస్ సైనిక పాఠశాల ఆవరణలో అందరూ చూస్తుండగా అతని హోదా చిహ్నాలు పీకేసి, కత్తి విరిచి, ఆ తరువాత సముద్రం మధ్య డెవిల్స్ ఐలాండ్‌కు పంపేశారు. నిజానికి రహస్యాలు చేరవేసినవాడు ఎస్టర్‌హేజీ అనే మరో అధికారి. డ్రెఫస్ నిర్దోషి అని తేలేసరికి 1906 వచ్చింది. అరణ్యంలోకి తోలిన మేకకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు తోచదు.

తెలుగులో ‘బలిపశువు’ పరిధి పెద్దది. ‘పెద్దల కక్షలకు పసిపిల్లలు బలిపశువులయ్యారు’ అంటాం, అక్కడ పిల్లల మీద ఎవరూ నింద మోపలేదు, కనుక దాన్ని ఇంగ్లిషులో ‘విక్టిమ్స్’ అనాలి. ‘పైఅధికారులు తప్పించుకొని గుమాస్తాను బలిపశువును చేశారు’ అన్నచోట మాత్రం స్కేప్‌గోట్ చక్కగా అతుకుతుంది. అత్తమీద కోపం దుత్తమీద చూపడం కూడా ఇది కాదు, ఎందుకంటే అక్కడ మారేది కోపమే, నేరం కాదు. ఈ పదాన్ని ఇంగ్లిషులో క్రియగానూ వాడతారు. అలాంటి వాక్యాన్ని అనువదించేటప్పుడు ‘నింద అతని మీదికి నెట్టారు’ అని రాస్తే, బలిపశువు అవసరం లేకుండానే అర్థం పూర్తిగా అందుతుంది.