తీయలేమన్నారు సరే, ఎందుకు తీయలేరో అడిగారా?

మీ నాన్నగారికి త్రికాస్థిలో, అంటే నడుం కింద వెన్ను చివర ఉండే ఎముకలో, కార్డోమా (వెన్నెముకకి వచ్చే అరుదైన క్యాన్సర్ గడ్డ) అనీ, ఆపరేషన్ కుదరదన్నారనీ, ఎక్స్-రేల బదులు వేగంగా పోయే కణాలతో చేసే పార్టికల్ బీమ్ రేడియేషన్ నిజంగా పనిచేస్తుందా అనీ అడిగారు. మా అక్కకీ అదే గడ్డ, అదే చోట. కార్బన్ అయాన్లతో, అంటే విద్యుదావేశం ఉన్న కార్బన్ పరమాణువులతో, చేయించాం. నాలుగేళ్లయింది, గడ్డ పెరగలేదు. కాబట్టి నా జవాబు: పనిచేస్తుంది.

అసలు 'తీయలేం' అంటే ఏమిటో ముందు అడగండి. అక్క గడ్డని సర్జన్ తీయగలడు. కానీ అది ఎముక పైభాగం దాకా పాకింది, దాంతోపాటు మూత్రానికీ విరేచనానికీ వెళ్లే నరాలు కూడా కోసేయాలి. ఆ ముక్క మాకు మూడో డాక్టరు దగ్గర గానీ తెలియలేదు. అంతకుముందు ఏడాదంతా సయాటికా (నడుం నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి) అంటూ బెల్టులు, వ్యాయామాలు. కూర్చుంటేనే నొప్పి, నిలబడితే హాయి అని అక్క మొత్తుకుంటున్నా ఎంఆర్ఐ నడుం దగ్గరే ఆపేశారు. నాలుగంగుళాలు కిందికి తీసుంటే అప్పుడే కనపడేది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

త్రికాస్థికి ముందు పేగు ఉంటుంది. మామూలు రేడియేషన్‌లో వాడే ఎక్స్-రేలు గడ్డ దాటి ఆ పక్కకీ దూసుకుపోతాయి కాబట్టి కార్డోమాని లొంగదీసేంత డోసు ఇవ్వాలంటే భయపడతారు. ప్రోటాన్లు, కార్బన్ అయాన్లు లెక్కగట్టిన లోతుకి వెళ్లి, శక్తిలో ఎక్కువ భాగం అక్కడే దింపేసి ఆగిపోతాయి. దీన్ని వైద్యానికి వాడొచ్చని అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లోనే రాశాడు. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి కార్బన్‌తో చేస్తున్నారు. అయినా "అదింకా ప్రయోగమేనండీ" అన్న డాక్టరు మాకు తగిలాడు!

చుట్టాలేమో "కరెంటు పెట్టారట కదా, కాలిందా?" అంటారు. అక్కని బాధపెట్టింది కాలడం కాదు, బోర్లా పడుకోవడం. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వలని వీపు మీద పరిచి, గట్టిపడ్డాక బల్లకి బిగించేశారు. రోజూ ఆ అచ్చులోనే దూరాలి. మూడో రోజు ఎక్స్-రే తీసి చూస్తే ఎముక రెండు మిల్లీమీటర్లు పక్కకుంది. సర్దారు. మళ్లీ తీశారు. ఈసారి పేగులో గాలి చేరిందట, దించేసి కాసేపు నడిచి రమ్మన్నారు. మళ్లీ ఎక్కించారు. సరిగ్గా అప్పుడే ముక్కు దురద. కదలకూడదు. దురద మర్చిపోవడానికి పదిహేడో ఎక్కం తిరగేసి చదివిందట. ముప్పావుగంట అయ్యాక తలుపు తెరుచుకుంది. "ఇంకెప్పుడు మొదలుపెడతారు?" అని అడిగితే, "అయిపోయిందమ్మా" అన్నారు. బీమ్ పడింది రెండు నిమిషాలే. అయాన్లని వెలుతురు వేగంలో 70 శాతం దాకా పరిగెత్తించే అంత పెద్ద యంత్రం, చివరికి మనిషి ముక్కు దురద దగ్గర ఆగాల్సిందే. మొత్తం 16 సార్లు, నాలుగు వారాల్లో.

నెలల తర్వాత మొదటి స్కాన్‌లో గడ్డ ఉన్నంత ఉంది. బావ మొహం చూడలేకపోయాను. కార్డోమా అంతేనట, లొంగినా ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటుంది, పెరగకపోవడమే లెక్క. ఇది ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది? ఏడో నెలలో ఓరోజు అక్క స్టూలు మీద కూర్చుని కాలిగోళ్లు తీసుకుంటోంది. అంతకుముందు ఏడాదిన్నరగా అన్నం కూడా నిలబడే తిన్న మనిషి.

నష్టమేమీ లేదనను. ఎడమ మడమ మొద్దుబారింది, చెప్పు జారినా తెలీదు. గడ్డ పేగుకి అతుక్కుని ఉంటే ముందు చిన్న ఆపరేషన్ చేసి మధ్యలో అడ్డు పెట్టాల్సి రావచ్చు. ఊపిరితిత్తులకి పాకి ఉంటే ఇదంతా వేరే కథ.

నన్నడిగితే కార్బనే. అది జపాన్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా, చైనా లాంటి కొద్ది దేశాల్లోనే ఉంది. అందకపోతే ప్రోటాన్ వదులుకోకండి. రిపోర్టు కాగితాలు కాకుండా ఎంఆర్ఐ అసలు ఫైళ్లే పంపండి, మేం కాగితాలు పంపి మూడు వారాలు పోగొట్టుకున్నాం. ఈలోగా ఎవరైనా "కొంత తీసి రాడ్లు వేద్దాం" అంటే బీమ్ వాళ్లని అడగకుండా ఒప్పుకోకండి. లోహం అడ్డొస్తే బీమ్ ఎంత లోతుకి వెళ్తుందన్న లెక్కే తప్పుతుంది. ఇప్పటికే ఏమైనా వేశారా? ప్రశ్నలో ఆ సంగతి రాయలేదు మీరు.