డెంటల్ అసిస్టెంట్లకు డిజిటల్ పని నేర్పడానికి విదేశీ శిక్షణ ఎందుకు, యూట్యూబ్ చాలదా?

మీ చెల్లెలు ఖమ్మంలో పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంట్‌గా చేస్తోందని రాశారు. యూరప్‌లో డెంటల్ అసిస్టెంట్లను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపి స్కానర్లు, సాఫ్ట్‌వేర్లు నేర్పిస్తున్నారని ఎక్కడో చదివారట. ‘అన్నీ యూట్యూబ్‌లో ఉండగా దేశాలు కలిసి డబ్బు పెట్టి మరీ నేర్పాలా? అలాంటివి మన దగ్గర పెడితే ఉపయోగం ఉంటుందా?’ అని మీ ప్రశ్న.

ఉంటుంది. కాకపోతే నేర్పేది నేరుగా అసిస్టెంట్‌కే నేర్పాలి. డాక్టరుకు నేర్పితే ఆయన వెళ్లి అసిస్టెంట్‌కు చెబుతాడులే అనుకుంటే ఆ డబ్బంతా దండగే.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక క్లినిక్‌లో కొన్నేళ్లు అసిస్టెంట్‌గా చేశాను. ఇప్పుడు జర్మనీలో ఇదే పనిలో ఉన్నాను. ఇక్కడ దీనికి మూడేళ్ల శిక్షణ ఉంటుంది. వారంలో కొన్ని రోజులు స్కూలు, మిగతా రోజులు క్లినిక్‌లో స్టైపెండ్ మీద పని. ఆ చదువు మధ్యలోనే, విద్యార్థులను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపే యూరప్ పథకం ఎరాస్మస్ ప్లస్ కింద నన్ను కొన్ని వారాలు ఎస్టోనియా రాజధాని టాలిన్‌కు, అక్కడి ఒక పళ్ల క్లినిక్‌కు పంపారు. అన్ని చోట్లా ఛైర్ పక్కన నిలబడినదాన్ని కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ముందు విజయవాడ సంగతి. మా డాక్టరుగారు లక్షలు పోసి నోటి స్కానర్ కొన్నారు. మెత్తటి ముద్ద నిండిన ట్రే నోట్లో పెట్టి కొలత తీసే బదులు, చిన్న కెమెరా లాంటిది పళ్ల మీద తిప్పితే స్క్రీన్ మీద దవడ మొత్తం బొమ్మ వస్తుంది. కంపెనీ మనిషి వచ్చి నేర్పించాడు. ఎవరికి? డాక్టరుగారికీ, ఆయనతో వచ్చిన ఇంకో ఇద్దరు డాక్టర్లకూ. అసిస్టెంట్లం వెనకాల నిలబడి ఉమ్మి లాగే సక్షన్ గొట్టం పట్టుకున్నాం, మధ్యలో కాఫీలు తెచ్చాం. కంపెనీ మనిషి వెళ్లిపోయాక స్కాన్ పని మా మీదే పడింది, ఎందుకంటే డాక్టరుగారికి అంత తీరిక ఉండదు. కింది ముందు పళ్ల దగ్గరికి రాగానే బొమ్మ తెగిపోయేది. పేషెంట్ నోరు తెరిచి తెరిచి అలిసిపోయేవాడు, మాకు టెన్షన్. ఉమ్మి ఎక్కువైందని కొందరు, మెషీన్ మంచిది కాదని కొందరు అనేవారు. చివరికి అందరం మళ్లీ ఆల్జినేట్, అంటే ట్రేలో నింపే ఆ పాత ముద్ద, కలుపుకోవడం మొదలుపెట్టాం. స్కానర్ మీద కవర్ కప్పేశారు. వీడియోలు చూడకపోవడం వల్ల అలా జరగలేదు. మేమందరం చూశాం. వీడియోలో పేషెంట్ నాలుక కదలదు, ఉమ్మి రాదు.

ఇక టాలిన్. అక్కడ నాకు నేర్పింది యాభై దాటిన ఒక సీనియర్ అసిస్టెంట్. ఆవిడకు ఎస్టోనియన్, రష్యన్ వచ్చు, ఇంగ్లిష్ కొంచెం. నాకు జర్మన్, ఇంగ్లిష్. ఇద్దరం ఇంగ్లిష్ ముక్కలతో, చేతి సైగలతో నెట్టుకొచ్చాం. ఒక రోజు రష్యన్ మాట్లాడే పెద్దాయన వచ్చాడు, పై ఎడమ దవడ పన్నుకు క్యాప్ వేయాలి. అరగదీసిన పన్నును ఆవిడ స్కాన్ చేసి, ఆయన్ను అడిగి ఒప్పించి, కింది దవడ నన్ను చేయమని స్కానర్ నా చేతిలో పెట్టింది. డాక్టరు గదిలోనే ఉన్నాడు, వద్దనలేదు.

నేను మొదలుపెట్టేలోపే ఆవిడ చెయ్యి చాపి ఛైర్ మీది లైటు ఆపేసింది. నోట్లోకి చూసే పనికి లైటు ఆపడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ లైటు వెలుగు పళ్ల మీద పడితే స్కానర్ కెమెరా తికమకపడుతుందని చెప్పింది. విజయవాడలో ఆ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. అంత చిన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆ లైటు వేసేదీ ఆపేదీ అసిస్టెంట్, నేర్పిందేమో డాక్టరుకు.

తర్వాత గాలితో పళ్లు ఆరబెట్టించింది. వెనక దవడ పన్ను నమిలే వైపు నుంచి మొదలుపెట్టి, పై అంచుల మీదుగా అటు చివరి దాకా వెళ్లి, నాలుక వైపు నుంచి తిరిగొచ్చి, ఆఖరున బుగ్గ వైపు చేయమంది. కింది ముందు పళ్ల దగ్గరికి రాగానే నాకు మళ్లీ బొమ్మ తెగింది. ఆ పళ్ల అంచులు సన్నం, అక్కడ సాఫ్ట్‌వేర్‌కు పట్టు దొరకదు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని స్కానర్‌ను అటూ ఇటూ నెమ్మదిగా దొర్లించింది. నాలుక వైపు కొంచెం, పెదవి వైపు కొంచెం, మళ్లీ నాలుక వైపు. బొమ్మ అతుక్కుంది. ఎక్కడైనా తెగితే అక్కడే పొడుస్తూ కూర్చోకూడదు, ముందే స్కాన్ అయిన దవడ పన్ను మీదికి వెళ్లి ఆగితే మెషీన్ దాన్ని గుర్తుపట్టి మళ్లీ దారిలో పడుతుంది. ఆ పట్టు నా చేతికి వచ్చింది ఆవిడ నా మణికట్టు పట్టుకోవడం వల్లే. ఏ వీడియో మణికట్టు పట్టుకుంటుంది చెప్పండి.

స్కాన్ అయ్యాక స్క్రీన్ మూసేయనివ్వలేదు. బొమ్మను అన్ని వైపులా తిప్పించి, పన్నుకు పన్ను తగిలే చోట బొమ్మలో కన్నాలు ఎక్కడున్నాయో నాతోనే వెతికించింది. ఒక చోట బుగ్గ అడ్డొచ్చి అతుక్కుపోయింది. మొత్తం చెరిపేయకుండా ఆ ముక్క మాత్రం కత్తిరించి మళ్లీ తీయించింది. తర్వాత పళ్లు కలిపి కొరికించి ఆ స్కాన్. ఆ పైన ల్యాబ్ ఫారం: పన్ను నంబరు 26, ఏ మెటీరియల్, ఏ షేడ్, ఎప్పటికి కావాలి.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది ఆ తర్వాత జరిగింది. మధ్యాహ్నం ల్యాబ్ టెక్నీషియన్ ఫోన్ చేశాడు. డాక్టరును అడగలేదు, నేరుగా ఆవిడతోనే మాట్లాడాడు. చిగురు దగ్గర అంచు సరిగ్గా తెలియడం లేదు, రంగులతో ఉన్న ఫైల్ పంపమన్నాడు. అప్పుడు ఆవిడ నాకు చూపించింది, ఎస్‌టీఎల్ ఫైల్‌లో పన్ను ఆకారమే వెళ్తుంది, పీఎల్‌వై ఫైల్‌లో రంగు కూడా వెళ్తుంది, ఎర్రటి చిగురు ఎక్కడ ఆగి పన్ను ఎక్కడ మొదలైందో టెక్నీషియన్‌కు అప్పుడే తెలుస్తుంది. రెండు నిమిషాల్లో పంపేసింది, టెక్నీషియన్ థాంక్స్ చెప్పాడు. డాక్టరు ఈలోగా ఇంకో పేషెంట్‌కు రూట్ కెనాల్ చేసుకుంటున్నాడు. అసిస్టెంట్‌కు పని తెలిస్తే క్లినిక్ ఎంత హాయిగా నడుస్తుందో ఆ రోజు చూశాను. విజయవాడలో నేను పని చేసినన్నాళ్లూ ల్యాబ్ నుంచి వచ్చిన ఒక్క ఫోన్ కూడా నాకివ్వలేదు.

ఇక ‘దేశాలు కలవడం దేనికి’ అన్న మాట. కలిస్తే పెద్ద దేశం కూడా చిన్న దేశం దగ్గర నేర్చుకుంటుంది. ఎస్టోనియాలో 2010 నుంచే మందుల చీటీ కంప్యూటర్‌లో ఉంటుంది, పేషెంట్ గుర్తింపు కార్డు చూపించి ఏ మందుల షాపులోనైనా మందులు తీసుకుంటాడు. అంత పెద్ద జర్మనీలో ఇది తప్పనిసరి అయింది 2024 జనవరిలో. ఫ్యాక్స్ మెషీన్ ఇంకా తీసేయని క్లినిక్‌లు ఇక్కడ ఉన్నాయంటే మీరు నమ్మరు. డెంటల్ అసిస్టెంట్లకు 2001 నాటి శిక్షణ నిబంధనలను పక్కనపెట్టి 2022 ఆగస్టు 1 నుంచి కొత్తవి తెచ్చారు, డిజిటల్ పని, పేషెంట్ల డేటా భద్రత ఇప్పుడు వాటిలో భాగం. క్యాప్ ఖర్చు అంచనా బీమా సంస్థకు ఆన్‌లైన్‌లో పంపడం, మూడు నెలలకోసారి బీమా కార్డు రీడర్‌లో పెట్టడం, ఎలక్ట్రానిక్ పేషెంట్ ఫైల్ చూసుకోవడం, ఇవన్నీ మా చేతుల మీదుగానే జరుగుతాయి. ఎక్స్‌రే తీయాలంటే రేడియేషన్ రక్షణలో విడిగా అర్హత ఉండాలి, దాన్ని ఐదేళ్లకోసారి తాజా చేసుకోవాలి. శిక్షణ కాలంలో నాలుగో వంతు దాకా విదేశంలో గడపడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది, అంటే మూడేళ్లలో తొమ్మిది నెలలు, స్టైపెండ్ ఆగదు. తిరిగొచ్చేటప్పుడు ఏమేం నేర్చుకున్నామో రాసి ఇచ్చే యూరోపాస్ కాగితం ఏ దేశంలో చూపించినా అర్థమవుతుంది.

మన దగ్గర ఆ కాగితమే లేదు. 1948 నాటి డెంటిస్ట్స్ చట్టం డాక్టర్లకు, హైజీనిస్టులకు, కట్టుడు పళ్లు చేసే మెకానిక్‌లకు రిజిస్టర్లు పెట్టింది. అసిస్టెంట్‌కు పెట్టలేదు. దాని బదులు 2023లో కొత్త చట్టం వచ్చింది కానీ, సూర్యారావుపేటలో పదేళ్లు చేసిన అమ్మాయిని కూడా ఇంకా ‘హెల్పర్’ అనే అంటారు, జీతం కూడా అలాగే ఇస్తారు. ఈ ఖాళీలోకి కోచింగ్ సెంటర్లు దూరాయి. పేరులో ‘ఇంటర్నేషనల్’ అని పెట్టి, ఆరు నెలలకు వేలకు వేలు గుంజి, ఒక్క ఎక్స్‌రే సెన్సర్ కూడా ముట్టించకుండా సర్టిఫికెట్ చేతిలో పెడతారు. సౌదీకైనా దుబాయ్‌కైనా వెళ్లాలంటే ఆ సర్టిఫికెట్‌ను ఇచ్చిన సంస్థ దగ్గరే సరిచూస్తారు, ఆ పైన పరీక్ష కూడా ఉండవచ్చు. అక్కడికి వెళ్లేసరికి ఈ కాగితాలు నిలబడవు, ఆడపిల్లల కష్టార్జితం పోతుంది. ఇది తలచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకో బాధ కూడా ఉంది. మన క్లినిక్‌లలో ఎక్స్‌రేలు, నోటి ఫొటోలు అన్నీ వాట్సాప్‌లో తిరుగుతాయి. అసిస్టెంట్ సొంత ఫోన్‌లోంచి ల్యాబ్‌కు, ల్యాబ్ నుంచి డాక్టరుకు, అక్కడి నుంచి ఇంకెక్కడికో. వాట్సాప్‌లో ఫొటో నాణ్యత పడిపోతుంది, అది ఒకటి. ఆ పేషెంట్ బొమ్మ ఎవరెవరి ఫోన్లలో ఉండిపోతుందో ఎవరికీ తెలియదు, అది ఇంకా పెద్దది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో మనకూ చట్టం వచ్చింది, దాని గురించి ఒక్క అసిస్టెంట్‌కైనా ఎవరైనా చెప్పారా? పేర్ల గొడవ కూడా ఉంది. ఒకే రోజు ఇద్దరు వెంకటేశ్వరరావులు వస్తే ఒకరి ఎక్స్‌రే ఇంకొకరి ఫైల్‌లోకి వెళ్లడం విజయవాడలో నేను కళ్లారా చూశాను. టాలిన్‌లో పేరు చూసి ఫైల్ తెరవరు. ప్రతి మనిషికీ 11 అంకెల కోడ్ ఉంటుంది, అది చూసి తెరుస్తారు. మనకూ 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో 14 అంకెల ఆభా నంబరు ఉంది. నంబరైతే వచ్చింది కానీ, పేరు బదులు అది అడిగే అలవాటు కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయికి ఎవరు నేర్పాలి?

పంటి ఎక్స్‌రేను నేరుగా స్క్రీన్ మీదికి తెచ్చే ఆర్‌వీజీ 1987లో ఫ్రాన్స్‌లో వచ్చింది. పేషెంట్ కూర్చుని ఉండగానే కంప్యూటర్‌తో పంటికి ఫిల్లింగ్ తయారుచేసే పద్ధతి 1985లో జ్యూరిక్ యూనివర్సిటీలో మొదలైంది. ఇప్పుడు స్కానర్లు కోపెన్‌హాగన్ నుంచి, సియోల్ నుంచి వస్తున్నాయి. మెషీన్ ఎంత దూరం నుంచైనా వస్తోంది. దాన్ని రోజూ వాడే మనిషి మాత్రం తనంతట తాను నేర్చుకోవాలట. నా మాటైతే, విదేశీ సంస్థలతో ఒప్పందాలు చేసుకునేటప్పుడు ప్రభుత్వం, డెంటల్ కాలేజీలు ఒక్కటి గట్టిగా అడగాలి: శిక్షణలో సగం సీట్లు అసిస్టెంట్లకు, పాఠం తెలుగులో, మెషీన్ వాళ్ల చేతిలో. మన పిల్లలకు ఫోన్‌లో రానిది లేదు. చేతికిస్తే వారంలో పట్టేస్తారు, ఇందులో నాకు సందేహమే లేదు.

మీ చెల్లెలి విషయానికొస్తే, జర్మనీ ఆలోచన ఉంటే ముందు భాష. జర్మన్‌లో మధ్య స్థాయి అయిన బీ1 దాటితే గానీ ఇక్కడ స్కూల్లో పాఠం తలకెక్కదు, దాని పై మెట్టు బీ2 ఉంటే మరీ మంచిది. ఏజెంట్లకు లక్షలు కట్టకండి. తెలంగాణ ప్రభుత్వానికి విదేశీ ఉద్యోగాలకు పంపే సంస్థ టామ్‌కామ్ ఉంది, నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. డెంటల్ అసిస్టెంట్ శిక్షణకు దారి ఉందేమో అక్కడే అడగండి, అడిగేవాళ్లు పెరిగితే వాళ్లూ ఆలోచిస్తారు. మన దగ్గరే ఉండేటట్టయితే, వాళ్ల డాక్టరుగారిని అడిగి ఒక రోజు డిజిటల్ ల్యాబ్‌కు వెళ్లి టెక్నీషియన్ పక్కన కూర్చోమనండి. తాను పంపిన కొలతలో ఏం తక్కువైందో అతనే స్క్రీన్ మీద చూపిస్తాడు. ఖమ్మంలో కుదరకపోతే విజయవాడ దగ్గరే, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చు.