వైఫై కోసం చీటీ పాడతారా? ముందు బీరువా పక్కకు జరపండి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి, ఆకివీడు మధ్య ఊరు. రొయ్యల చెరువులకు మందులు, మినరల్స్ అమ్మే షాపు నడుపుతున్నాను. ఇంటి ఖర్చు నెలకు 42,000. బ్యాంకులో 35,000 ఉన్నాయి. ఇంటి ముందు భాగం తాతల నాటి మండువా, వెనక 2011లో రెండంతస్తుల శ్లాబు వేశాం. వైఫై ముందు గదిలో బాగానే వస్తుంది, వెనక మేడ మీదికి రాదు. అమ్మాయి ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసులు. షాపువాళ్లు మూడు డబ్బాల మెష్‌కు (ఇల్లంతా వైఫై పంచుకునే డబ్బాల జట్టు) 39,000, బిగింపుకు 7,000 చెప్పారు. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 300కు మార్చాలట, దానికి ఏడాదికి మరో 12,000. మొత్తం 58,000. ఊళ్లో లక్ష రూపాయల చీటీ ఉంది. 20 నెలలు, నెలకు 5,000. ఆరు నెలలు కట్టాను. ఇప్పుడు పాడితే 22,000 పోయి 78,000 చేతికొస్తాయి. వైఫైకి పోగా మిగిలింది షాపు సరుకులో పెట్టుకోవచ్చు, వడ్డీ కూడా లేదు కదా అనుకుంటున్నాను. పాడమంటారా?

సమాధానం: పాడకండి. ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది వైఫై గురించి కాదు. ‘వడ్డీ లేదు కదా’ అనే మాట కోసం. పెళ్లికి, బండికి, ఫ్రిజ్‌కు, ఇప్పుడు వైఫైకి అంటూ మన జిల్లాల్లో చీటీ పాడేవాళ్లందరూ చెప్పే మాటే ఇది.

లెక్క చూడండి. మీ చేతికొచ్చే 78,000లో 30,000 మీరు కట్టినవే. అంటే పరాయి సొమ్ము 48,000. దానికి ఇంకా 14 నెలలు అయిదేసి వేలు, మొత్తం 70,000 కట్టాలి. రాబోయే నెలల్లో పాట లాభం పంచగా మీ వంతుకు ఓ 8,000 వస్తాయనుకున్నా, 48,000కు 62,000 కడుతున్నారు. అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఇది నెలకు నూటికి మూడున్నర రూపాయల వడ్డీ పైమాటే. ఇదే రేటుకు ఊళ్లో ఎవరైనా అప్పిస్తానంటే మీరు ఆ గడప తొక్కరు. చీటీలో వడ్డీ అన్న పేరు లేకపోయేసరికి ఎవరికీ కనపడదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మీ 35,000 ఇంటి ఖర్చుకు 25 రోజులు వస్తాయి. జీతం మీద బతికే ఇంటికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటాను. మీకు ఆరు సరిపోవు, తొమ్మిది కావాలి. ఎందుకంటే మీ వ్యాపారం రొక్కం మీద నడవదు, అరువు మీద నడుస్తుంది. రొయ్యల పట్టుబడి అయ్యాక ఇస్తానన్న రైతు చెరువులో తెల్లమచ్చ తెగులు పడితే ఆ పట్టుబడీ ఉండదు, మీ బాకీ వసూలూ ఉండదు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్య ధర ఎలా పడిందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. అదే ఏడాది అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. రెండు నెలల తేడాలో రెండు దెబ్బలు. మళ్లీ అలా జరిగితే మీ దగ్గరున్నది 25 రోజుల తిండి, దాని మీద నెలకు అయిదు వేల చీటీ బాకీ. పాడకుండా ఉంచిన చీటీ ఆపదలో ఎంతో కొంతకు అక్కరకొస్తుంది. పాడేసిన చీటీ ఆపదలోనూ కట్టమనే అడుగుతుంది.

ఇక వైఫై. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది 58,000 సమస్య కాదు, అయిదు వేల లోపు తేలిపోతుంది.

ముందుగా చేయాల్సింది పైసా ఖర్చు లేని పని. ఫైబర్ డబ్బాకు ఆరడుగుల దూరంలో నిలబడి, ఫోన్‌ను వైఫైలో వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ పేరుకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. 100 ప్లాన్‌కు 85-95 వస్తే లైను బాగున్నట్టే. అక్కడే 20, 30 వస్తే ఇంట్లో ఎన్ని డబ్బాలు పెట్టినా దండగ. బయట తీగ వంగిపోయో, కనెక్టర్‌లో మురికి చేరో ఫైబర్‌లో వెలుతురు తగ్గి ఉండొచ్చు. అది కనెక్షన్ ఇచ్చినవాళ్లు బాగుచేయాలి, దానికి మామూలుగా మీరు కట్టేదేమీ ఉండదు. డబ్బా మీద ఎల్‌ఓఎస్ లైటు (ఫైబర్ సిగ్నల్ అందట్లేదని చెప్పేది) ఎర్రగా వెలుగుతున్నా అంతే. ఆ తర్వాత సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపే వైఫై ఎనలైజర్ ఆప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని గది గదికీ తిరిగి కాగితం మీద రాసుకోండి. మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బలం. మైనస్ 67 దాకా వీడియో మీటింగ్ హాయిగా నడుస్తుంది. మైనస్ 75 దాటితే మాట తెగుతుంది. ఏ గోడ దగ్గర అంకె ఒక్కసారిగా పడిపోయిందో అదే మీ సమస్య.

మీ ఇంట్లో ఆ గోడ ఏదో ఊహించగలను. మండువా ఇళ్లలో సున్నం, ఇటుకల గోడలు అడుగున్నర మందం ఉంటాయి. వర్షాకాలం చెమ్మ పడితే సిగ్నల్‌ను ఇంకా మింగుతాయి. 5 గిగాహెర్ట్జ్ అలాంటి గోడ ఒకటి దాటేసరికే నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కాస్త దూరం పోతుంది కానీ వేగం తక్కువ. మేడ మీదికి వెళ్లాలంటే ఇనప చువ్వలున్న శ్లాబును ఏటవాలుగా దాటాలి. దీనికి తోడు కేబుల్ కుర్రాడు స్తంభం ఎటుంటే అటు గోడకు డబ్బా కొట్టేసి పోతాడు, ఇంటివాళ్లు దాన్ని టీవీ వెనకో, ఇనప బీరువా పక్కనో దాచేస్తారు, అందానికి. బీరువా అంటే వైఫైకి ఆరడుగుల ఇనప గోడ. అద్దం బీరువా అయినా తేడా లేదు. డబ్బాను అక్కడి నుంచి తీసి, మండువా వెనక గదిలో, మనిషి ఎత్తున, చుట్టూ ఖాళీగా పెట్టించండి. ఫైబర్ తీగను మీరు లాగొద్దు. మడత పడితే లోపల వెలుతురు కారిపోతుంది. పది, పదిహేను మీటర్లు లోపలికి పొడిగించమని ఆపరేటర్‌నే అడగండి, కొద్ది రుసుముతో చేస్తారు. చాలా ఇళ్లలో పని ఇక్కడితోనే అయిపోతుంది.

మీకు అవ్వకపోవచ్చు, మేడ గది దూరం. అందుకు తీగ ఒక్కటే నమ్మకమైన దారి. మండువాలోని డబ్బా నుంచి మేడ మీది హాలుకు క్యాట్ 6 కేబుల్ (నెట్ మోసే రాగి తీగ) ఒకటి లాగించి, అక్కడ రెండో రౌటర్ పెట్టండి. ఈ కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, మీకు 25 చాలు. బయటి గోడ మీదుగా పోతుంది కాబట్టి ఎండకు ఓర్చే నల్ల తొడుగుది, పూర్తి రాగిది అడగండి. చవగ్గా దొరికేది రాగి పూత పూసిన అల్యూమినియం. బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా కనపడుతుంది. మన ఉప్పు గాలికి అది తొందరగా పుటుక్కుమంటుంది. కేబుల్‌ను పీవీసీ పైపులో వేయించండి, లేకపోతే ఉడతలు వదలవు. కరెంటు తీగలున్న పైపులో మాత్రం కలపనివ్వకండి, జానెడు ఎడం ఉండాలి. గోడలోకి దూరే చోట కేబుల్‌ను కిందికి వంచి పైకి తిప్పితే వాన నీరు ఆ వంపులోనే జారిపోతుంది, లోపలికి రాదు. ప్లగ్గులు రెండూ ఇంటి లోపలే ఉండాలి. బయట పెడితే రెండు వర్షాకాలాల్లో వాటి పిన్నులకు చిలుము పడుతుంది.

రెండో రౌటర్‌ను అమర్చడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. యాక్సెస్ పాయింట్ మోడ్ (మొదటి డబ్బా ఇచ్చే నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసే అమరిక) ఉన్న రౌటర్ అయితే ఆ మోడ్ ఎంచుకుంటే చాలు. లేని పాతదైతే దాని అడ్రసును 192.168.1.2 లాంటి వేరే అంకెకు మార్చాలి. మొదటి డబ్బా 192.168.1.1 మీద ఉంటేనే ఇది, మీది వేరైతే ఆ వరసలోనే ఖాళీ అంకె తీసుకోండి. డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకు అడ్రసులు పంచే పని, అందులో ఆపేయాలి. కేబుల్‌ను వాన్ పోర్టులో (బయటి నెట్ తీసుకునేది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లోవాటిని కలిపేది) గుచ్చాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే ఇంట్లో ఇద్దరు పెద్దలు చెరో మాట చెప్పినట్టు ఉంటుంది. ఫోన్లకు ఒకసారి నెట్ వస్తుంది, ఒకసారి రాదు, ఎందుకో ఎవరికీ అంతుబట్టదు. వాన్‌లో గుచ్చితే నెట్ వస్తుంది కానీ కింద ఉన్న ప్రింటర్, టీవీ పైవాళ్లకు కనపడవు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెడితే ఫోన్లు మేడ ఎక్కగానే వాటంతటవే మారతాయి. రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా 2.4 బ్యాండ్‌లో ఒకదానికి ఛానల్ 1, రెండోదానికి 6 లేదా 11, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి.

ఖర్చు సుమారుగా ఇలా ఉంటుంది. కేబుల్ 750, పైపు, క్లిప్పులు 400, కుర్రాడి కూలి, ప్లగ్గులు 700, గిగాబిట్ పోర్టులున్న రెండు బ్యాండ్ల రౌటర్ 2,500. 4,350 అయింది. అటక మీద పాత రౌటర్ ఉంటే ముందు దాన్నే పెట్టి చూడండి. క్లాసులకు అదే చాలొచ్చు, అప్పుడు 2,000 లోపే తేలిపోతుంది. ఈ డబ్బు మీ నెల ఖర్చులోంచే వస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

మెష్ చెడ్డది కాదు. తీగ లాగే వీలు లేని అద్దె ఇళ్లకు మంచిదే. మీ గోడల మధ్య తీగ లేకుండా పెడితే ఆ మూడు డబ్బాలూ ఒకదాన్నొకటి వినడానికే తంటాలు పడతాయి. గోడకు గుచ్చే చిన్న ఎక్స్‌టెండర్ సిగ్నల్‌ను విన్న రేడియోతోనే మళ్లీ పంపాలి కాబట్టి వేగం సగమవుతుంది. పైగా దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. రానిదాన్ని అది మాత్రం ఏం పెంచుతుంది?

300 ప్లాన్ అక్కర్లేదు. మీటింగ్‌కు 4 ఎంబీపీఎస్, క్లాసుకు మరో 4, మామూలు హెచ్‌డీ సినిమాకు 5 లేదా 6, ఫోర్‌కే టీవీకి 25. అందరూ ఒకేసారి కూర్చున్నా 40 దాటదు. గోడ ఆపుతున్నదాన్ని ప్లాన్ పెంచి దాటించలేరు.

అమ్మాయి ఉద్యోగం కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు కింది డబ్బా, పై రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైనులో ఉండాలి. ఒకటే ఉంటే లాభం లేదు. ఇన్వర్టర్ లేకపోతే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, ఒక్కోటి 1,500 దాకా. కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. ఉరుములప్పుడు మేడకు పోయే కేబుల్‌ను రెండు కొసలా ఊడదీయండి. పిడుగు ఇంటి మీద పడనక్కర్లేదు, పక్క కొబ్బరి చెట్టు మీద పడినా రాగి తీగ వెంట వచ్చి పోర్టులను కాల్చేస్తుంది.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. అందులో వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీ నెత్తినే పడతాయి. బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టడం చీటీ పాడటం కంటే చవకే. అయినా రౌటర్ కోసం మెడలోది తీయడమేమిటి?

చీటీ కట్టడం మానకండి, పాడకండి. చివరి నెలల్లో పాట పెద్దగా పోదు, లక్షకు దగ్గరగా వస్తుంది. ఊళ్లో నడిపేది రిజిస్టరైన చీటీ కాకపోతే, ఇదయ్యాక మళ్లీ అందులో చేరొద్దు. మీ తొమ్మిది నెలల ఖర్చు 3,78,000. ప్లాన్ మార్చనందుకు మిగిలే నెలకు 1,000కి మరో 4,000 కలిపి, ఈ నెల నుంచే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ పెట్టండి. చీటీ చేతికొచ్చే 14 నెలలకు ఆ 70,000, చీటీ సొమ్ము, ఇప్పుడున్న 35,000 కలిసి రెండు లక్షలు అవుతాయి. షాపులో అరువు వసూలైనప్పుడల్లా కొంత ఇందులోకే మళ్లించండి, సరుకులోకి కాదు. ఈ సొమ్ము ఎఫ్‌డీలో ఉండొచ్చు, లిక్విడ్ ఫండ్‌లో (తొందరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉండొచ్చు, రైతు ఖాతాలో మాత్రం ఉండకూడదు.

ఆరోగ్య బీమా మాట మీరు ఎత్తనే లేదు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీగా ఉండే 10 లక్షల ఫ్లోటర్ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. ఇంట్లో 70 దాటిన పెద్దవాళ్లుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి, ఆదాయంతో పనిలేదు.

కేబుల్ వేశాక మేడ మీద మళ్లీ అదే ఆప్‌తో కొలవండి. అమ్మాయి కుర్చీ దగ్గర మైనస్ 67 కంటే మెరుగ్గా ఉంటే షాపువాళ్లకు ఫోన్ చేసి మెష్ వద్దని చెప్పండి. ఏదో ఒక మూల ఇంకా రాకపోతే, ఆ ఒక్క గదికి ఇంకో కేబుల్, ఇంకో రౌటర్, వచ్చే నెల డబ్బుతో.