ముందు ఛార్జర్ సంగతి చూడు

రాయగడ,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

నిన్న రాత్రి పది దాటాక మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు వాడి పేరు కనిపిస్తే చాలు, నాకు కాళ్లు వణుకుతాయి. తీరా చూస్తే సంగతి ఇది: నువ్వు పాత టెంపో ట్రావెలర్ కొన్నావు, సీట్లు పీకించి మంచం, వంటగట్టు పెట్టిస్తున్నావు, ఒక్కదానివే ఊళ్లు తిరుగుతావు. "నువ్వు చెబితే వింటుందక్కా, వద్దని చెప్పు" అన్నాడు. సరే చెబుతాలే అన్నాను. చెప్పను. మీ మావయ్య పోయినప్పుడు "ఆడది యాసిడ్ పని ఏం చేస్తుంది, కొట్టు అమ్మేయ్" అన్నవాళ్లలో మీ నాన్న కూడా ఉన్నాడు. ఆ బ్యాటరీల కొట్టే ముప్ఫై ఏళ్లు నడిపాను. మన ఇంట్లో ఇంకో ఆడది బండి పని మొదలుపెట్టిందంటే నేను అడ్డం పడతానా?

భయం లేదనుకోకు. రాత్రంతా పడుకోలేదు.

ఆర్సీలో మార్పు ఎక్కించకుండా రోడ్డెక్కకు. టైర్లు, బ్రేకులు చూపించు. ఇవి నీకు తెలిసినవే.

లోపల ఫ్రిజ్, లైట్లకి పెట్టే బ్యాటరీ లిథియమా, జెల్లా (యాసిడ్ గుజ్జులా గట్టిపడి ఉండేది) అని తేల్చుకోలేకపోతున్నావట. ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టే, నీళ్లు పోసుకునే ట్యూబ్యులర్ బ్యాటరీ చవక కదా అని ఎవరైనా అంటే మాత్రం వాళ్ల మాట వినకు. ఛార్జింగ్‌లో దాంట్లోంచి హైడ్రోజన్ వస్తుంది, కుదుపుకి యాసిడ్ చిందుతుంది. నువ్వు పడుకునేది దాని మీదే. నా చీరలు చూశావుగా, కుచ్చిళ్ల దగ్గర కంది గింజంత చిల్లులు. చీరంటే ఇంకోటి కొనుక్కుంటాను.

ముందు రోజుకి ఎంత కరెంటు కావాలో లెక్క వేసుకో. చిన్న 12 ఓల్టుల ఫ్రిజ్ సగం సేపు ఆడినా 540 వాట్ అవర్లు. ల్యాప్‌టాప్ ఆరు గంటలకి 360. ఫ్యాన్ రాత్రంతా 240. లైట్లు, ఫోన్లు ఒక 100. మొత్తం 1240, 12 ఓల్టులతో భాగిస్తే రోజుకి దాదాపు 100 ఆంపియర్ అవర్లు. ఇండక్షన్ పొయ్యి ఆలోచన మానుకో. 1800 వాట్లంటే 12 ఓల్టుల మీద 150 ఆంపియర్లు దాటిపోతాయి, ఆ కేబుల్ నీ బొటనవేలంత లావుండాలి. ఉప్మాకి గ్యాస్ చాలు.

జెల్‌ని సగానికి మించి దించకూడదు. కాబట్టి నీకు 200 ఆంపియర్ అవర్లు కావాలి, అంటే సుమారు 60 కిలోలు. లిథియంని 80 శాతం దాకా వాడుకోవచ్చు, 150 ఆంపియర్ అవర్లదైతే సరిపోతుంది, బరువు 20 కిలోల లోపే. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ 40 కిలోల తేడా ఇంజనుకి తెలుస్తుంది. దానికన్నా పెద్ద సంగతి, జెల్ పూర్తిగా నిండాలంటే చివరి అయిదో వంతుకే గంటలు పడుతుంది. నువ్వేమో ఓ రెండు గంటలు నడిపి ఆపేస్తావు. కోరాపుట్ వైపు వానాకాలంలో సోలార్ ప్యానెల్ పెట్టుకున్నా మబ్బు విడవదు. అలా రోజూ సగం నిండి సగం ఖాళీగా ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని పాడైపోతాయి. లిథియంకి ఆ బాధ లేదు, సగంలో ఉంచినా ఏమీ అనదు. నెలకోసారి గోపాలపురం వెళ్లొచ్చి మిగతా రోజులు ఇంట్లో ప్లగ్గుకి పెట్టి ఉంచేదానివైతే జెల్ కొనుక్కోమనేదాన్ని, డబ్బు మిగిలేది. నువ్వు బండిలోనే కాపురం పెడతానంటున్నావు కాబట్టి లిథియమే.

స్కూటర్లు అంటుకున్నాయి కదా అని మీ నాన్న భయం. 2022లో ఆ వార్తలు నేనూ చదివాను. లిథియంలో రకాలున్నాయమ్మా. నువ్వు అడగాల్సింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అది అంత తేలిగ్గా అంటుకోదు. లేబుల్ మీద 12.8 ఓల్టులు అని ఉంటుంది, 3.2 ఓల్టుల సెల్లులు నాలుగు. 11.1 అనో 14.8 అనో ఉంటే అది వేరే జాతి, ముట్టుకోకు. పాత బండ్లలోంచి తీసిన సెల్లులకి కొత్త డబ్బా తొడిగి అమ్మేవాళ్లుంటారు, బిల్లు, వారంటీ లేకుండా తీసుకోకు.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ నాన్నకి కూడా తెలీదు.

పదిహేనేళ్లు దాటింది. కొండ ఊళ్లలో వైద్య శిబిరాలు పెట్టేవాళ్ల వ్యాన్ ఒకటి నా దగ్గరికి వచ్చేది. లోపల రెండు ట్యూబ్యులర్లు, ఇన్వర్టర్, లైట్లు, మందుల ఫ్రిజ్. బిస్సంకటక్ అవతల దారుల్లో కుదుపులకి యాసిడ్ చింది అడుగు రేకు తుప్పుపట్టిపోయింది. జెల్ వేసుకోండి, చిందదు, నీళ్లు పొయ్యక్కర్లేదు అని నేనే చెప్పి వేశాను. ఛార్జర్ మాత్రం పాతదే ఉంచాను. నా కొట్టులోనే కట్టించిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ అది. చక్కగా పనిచేస్తోంది కదా, దండగెందుకు అనుకున్నాను.

నాలుగు నెలలకి వ్యాన్ తిరిగొచ్చింది. లైట్లు ఇరవై నిమిషాలు కూడా వెలగడం లేదు. బ్యాటరీల పక్కలు పొట్ట ఉబ్బినట్టు ఉబ్బాయి. ఎందుకిలా అయింది అని వాళ్ల మేనేజర్ అడిగాడు. నేను కనీసం మీటర్ బయటికి తియ్యలేదు. "రాత్రిళ్లు లైట్లు ఆర్పకుండా వదిలేసుంటాడు మీ డ్రైవర్. అంత అడుక్కి దించేస్తే ఏ బ్యాటరీ బతుకుతుంది?" అన్నాను. డ్రైవర్ గుణుపూర్ వైపు వాడు, సన్నంగా ఉండేవాడు, గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆర్పే పడుకుంటానమ్మా అన్నాడు, ఒడియాలో. రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు.

కొత్త జత వేసి పంపాను. మళ్లీ మూడు నెలలకి వ్యాన్ వచ్చింది, అదే జబ్బు. తోలుకొచ్చింది వేరే డ్రైవర్. అప్పుడు పెట్టాను మీటర్. ఛార్జర్ 15.6 ఓల్టులు తోస్తోంది. జెల్‌కి 14.4 దాటకూడదు. ట్యూబ్యులర్ ఆ దెబ్బ తట్టుకుంటుంది, ఆవిరైన నీళ్లు మనం మళ్లీ పోస్తాం. జెల్‌లో పుట్టిన గ్యాసు బుడగలు ఆ గుజ్జులోనే ఇరుక్కుంటాయి. ప్లేటుకీ జెల్‌కీ మధ్య ఖాళీ పడుతుంది, అది మళ్లీ పూడదు. వాల్వులోంచి పోయిన తేమ తిరిగి రాదు. కంపెనీ వారంటీ ఇచ్చిందని ఇంకో అబద్ధం చెప్పి నా డబ్బుతో మూడో జత, కొత్త ఛార్జర్ పెట్టిచ్చాను. డ్రైవర్ తప్పు లేదని మాత్రం చెప్పలేదు. నోరు రాలేదు.

రెండేళ్ల తర్వాత మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆటో ఎక్కితే అతనే. నన్ను గుర్తుపట్టాడు. కొట్టు దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. దిగి యాభై చేతిలో పెట్టి వెళ్లిపోబోతుంటే, ఆగమ్మా అని చిల్లర లెక్కపెట్టి మిగతాది వెనక్కిచ్చాడు.

"ఛార్జర్ ఎలాగూ పాతదుంది, బ్యాటరీ ఒక్కటీ కొంటే చాలు" అన్నావట నువ్వు. మీ నాన్న ఆ మాట ఏదో మెచ్చుకోలుగా చెప్పాడు, పొదుపు తెలిసిన పిల్ల అని. ఏం పొదుపే అది, బుర్ర లేని పొదుపు! లిథియంకి లిథియం సెట్టింగ్ ఉన్న ఛార్జరే ఉండాలి, 14.2 నుంచి 14.6 మధ్య, బ్యాటరీ కాగితంలో ఏది రాసుంటే అది. ఈక్వలైజ్ మోడ్, అంటే కావాలని ఎక్కువ ఓల్టేజి తోసేది, ఉంటే దాన్ని ఆపేయించు.

డైనమో నుంచి నేరుగా వైరు లాగుతానని మెకానిక్ అంటే వద్దను. లిథియం ఎంత ఇస్తే అంతా తాగేస్తుంది. ఘాట్‌లో లారీల వెనక మెల్లగా పాకుతున్నప్పుడు డైనమోకి గాలి తక్కువ, లోడు ఎక్కువ, కాలిపోతుంది. పైగా లిథియం లోపల దాన్ని కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ ఉన్నట్టుండి కట్ చేసిందంటే ఓల్టేజి ఎగిరి డైనమోలో డయోడ్లు పోతాయి. మధ్యలో 30 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించు, డైనమో నుంచి వచ్చే కరెంటుని అది అదుపులో ఉంచుతుంది. మూడు గంటలు నడిపితే నీ రోజు ఖర్చు దాదాపు వెనక్కొస్తుంది.

ఫ్యూజు ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే ఉండాలి. టిట్లాగఢ్ వైపు ఎండల్లో 45 డిగ్రీలు దాటుతుంది, కాబట్టి బ్యాటరీని ఇంజను పక్కన కాకుండా మంచం కింద పెట్టు. లడఖ్ కూడా వెళ్తావట కదా. సున్నా డిగ్రీల కింద లిథియంని వాడుకోవచ్చు గానీ ఛార్జ్ చెయ్యకూడదు, సెల్లులు లోపల పాడైపోతాయి. చలికి తనంతట తానే ఛార్జింగ్ ఆపుకునే రకం అడుగు.

అన్నిటికన్నా నా ప్రాణం పోయేది ఒక్కదానికే. బండి సెల్ఫ్ బ్యాటరీని దీనితో కలపకు. ఫ్రిజ్ ఆగిపోతే పాలు విరుగుతాయి, అంతే. పొట్టంగి దగ్గర ఏ రాత్రో సెల్ఫ్ కొట్టకపోతే నువ్వు ఎవరిని పిలుస్తావు? సిగ్నల్ ఎక్కడుంటుంది అక్కడ? చీకటి పడ్డాక ఘాట్ ఎక్కకు. ఈ మాటకి నవ్వుతావని తెలుసు, నవ్వుకో.

నా మల్టీమీటర్ రేపు పొద్దున పార్వతీపురం బస్సులో కండక్టర్ చేతికి ఇస్తున్నాను, మీ నాన్నని స్టాండ్‌కి పంపు. ఎర్ర వైరు తొడుగు చిట్లితే టేపు చుట్టాను. దాంతో లిథియం ఎంత మిగిలిందో చూడబోకు, దాదాపు ఖాళీ అయ్యేదాకా అది 13 చుట్టుపక్కలే చూపిస్తుంది, దానికి వేరే మీటర్ బిగించుకోవాలి. ఇది ఛార్జర్ ఎంత తోస్తోందో చూడటానికి. కొత్త ఛార్జర్ బిగించిన రోజు ఒకసారి, బ్యాటరీ నిండబోయేటప్పుడు ఇంకోసారి పెట్టి చూసి, ఆ రెండు అంకెలూ నాకు వాట్సాప్ చెయ్యి.

మీ అత్త