చెస్‌లో ఎవాన్స్ గ్యాంబిట్‌ను క్లాసికల్ టోర్నమెంట్‌లో ఆడొచ్చా?

బ్లిట్జ్‌లో (చకచకా ముగిసే ఆటల్లో) ఎవాన్స్ గ్యాంబిట్‌తో (మొదట్లోనే ఒక బంటును ఎరగా ఇచ్చే ఆరంభం) బాగానే గెలుస్తున్నాను, క్లాసికల్‌లో (ఎక్కువ టైమ్ ఇచ్చే ఆటల్లో) ఆడాలంటే భయంగా ఉంది అన్నారు మీరు. ఆడొచ్చు. కాకపోతే అవతలివాళ్లు మీ బంటును మీకే తిరిగి ఇచ్చేస్తే ఏం చేయాలో తెలుసుకుని కూర్చోండి. అది తెలియక నాకో గేమ్ పోయింది.

90 నిమిషాల గేమ్, నాది తెలుపు. ఎత్తులు తెలుపు, నలుపు వరసలో చెబుతాను, పావు పేరు లేకపోతే అది బంటే: ఈ4, ఈ5, గుర్రం ఎఫ్3, గుర్రం సీ6, బిషప్ సీ4, బిషప్ సీ5. నాలుగో ఎత్తుకు బీ4 అని బంటు ఎర వేశాను (1820ల్లో వేల్స్‌కు చెందిన ఓడ కెప్టెన్ ఎవాన్స్ కనిపెట్టిన ఎర ఇది). ఎదుటి పెద్దాయన కొట్టేశారు. నేను సీ3 ఆడితే బిషప్‌ను ఏ5కి తీశారు. నేను కాస్లింగ్ (రాజును ఏనుగు చాటుకు చేర్చే ఎత్తు), ఆయన డీ6, నేను డీ4. ఇక ఎఫ్7 (నలుపు రాజు పక్కనున్న బలహీనమైన గడి) మీద దాడే అనుకుంటూ లేచి పక్క బోర్డులు చూసొచ్చాను. వచ్చేసరికి ఆయన బిషప్ తాపీగా బీ6లో కూర్చుని ఉంది.

అది లాస్కర్ డిఫెన్స్ (తీసుకున్న బంటును తిరిగి ఇచ్చేసే పద్ధతి) అని ఇంటికెళ్లాక తెలిసింది. డీ బంటుతో ఈ5లో కొట్టాను, ఆయనా కొట్టారు, క్వీన్లు మారిపోయాయి, గుర్రంతో ఈ5 బంటు తీసుకున్నాను. లెక్క సమానమే. కానీ నా ఏ, సీ బంట్లు చెరోచోట ఒంటరిగా మిగిలాయి, ఆయన ఏ, బీ, సీ బంట్లు మూడూ పక్కపక్కనే చెక్కుచెదరకుండా ఉన్నాయి. దాడికి వచ్చినవాడిని ఎండ్‌గేమ్‌లో (పావులు తగ్గిపోయిన ఆట దశలో) పడ్డాను. కాసేపటికి సీ3 బంటు పోయింది, దాని వెనకే గేమూ.

అప్పటినుంచి ఆరో ఎత్తుకు కాస్లింగ్ ఆపి ముందు డీ4 ఆడుతున్నాను. డీ6 వస్తే క్వీన్ బీ3. క్వీన్లు మారవు, ఎఫ్7 మీద ఒత్తిడి ఉంటుంది. నలుపు క్వీన్‌ను డీ7కి తెస్తే ఎఫ్7 నిలుస్తుంది గానీ సీ8 బిషప్‌కు దారి మూసుకుపోతుంది. డీ6 బదులు డీ4లో కొడితే అప్పుడు కాస్లింగ్ చేయండి. సీ3 బంటుకు కూడా ఆశపడేవాళ్లు చాలామందే ఉంటారు.

1995లో లాత్వియా రాజధాని రీగాలో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ ఇదే గ్యాంబిట్‌తో ఆనంద్‌ను 25 ఎత్తుల్లో ఓడించిన గేమ్ చూడండి. ఆనంద్ బిషప్‌ను ఈ7కి తీసి, గుర్రాన్ని ఏ5కి దూకిస్తే, కాస్పరోవ్ తన బిషప్‌ను ఈ2కి వెనక్కి లాక్కున్నారు. బంటు ఇచ్చి మరీ వెనక్కి రావడమా అని నేను నోరెళ్లబెట్టాను. ఆ చోట నేనైతే ఆవేశంగా ఎఫ్7లో కొట్టి బిషప్‌ను పోగొట్టుకునేవాడిని.