చల్లటి గదిలోకి వెళ్తే బాగైపోయే జబ్బా?

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాకు 33 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. రెండేళ్ల క్రితం కుడి కంటి చూపు మసకబారితే పరీక్షలు చేసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అన్నారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం కనుక విషయం బయటికి పొక్కనివ్వొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. చెల్లెలికి కూడా పూర్తిగా తెలియదు. అత్తగారికి మెడ నరాలు పట్టేశాయని చెప్పాం. ఆవిడది అవనిగడ్డ వైపు వ్యవసాయ కుటుంబం, కష్టపడిన మనిషి. ఎండాకాలం వంటింట్లో పావుగంట నిలబడితే నాకు కాళ్లు తేలిపోతాయి. ఏసీ గదిలో అరగంట పడుకుంటే తేరుకుంటాను. ‘చల్లటి గదిలోకి వెళ్తే బాగైపోయే జబ్బా?’ అని అత్తగారు అందరి ముందూ అంటారు. మావారు వింటూ ఊరుకుంటారు. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది వల్ల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. బడిలో తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందోనని భయం. ఈమధ్య బతుకు మీద ఆసక్తి పోతోంది.

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటనే ముందు తీసుకుంటాను. ఈ జబ్బు ఉన్నవారిలో దాదాపు సగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు వస్తుంది. చుట్టూ ఉన్న మాటల బాధ ఒక కారణమైతే, జబ్బు మెదడులోనే ఉండడం మరో కారణం. కన్ను మసకబారినప్పుడు డాక్టరుకు చెప్పినట్టే ఈ సంగతి కూడా చెప్పాలి. మీ న్యూరాలజిస్టు దగ్గరికి ఈ వారమే వెళ్లండి, మానసిక వైద్యుల దగ్గరికి పంపమని మీరే అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా మీవారికి చెప్పండి. 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్ ఉచిత సహాయ కేంద్రం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక మీ అత్తగారి ప్రశ్న. వెటకారంగా అడిగినా మంచి ప్రశ్నే అడిగారు. దానికి జవాబు: అవును, కాసేపటికి అంతే.

ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా ఈ జబ్బులో దెబ్బతిన్న నరాలు సరిగా పనిచేయవు, చల్లబడగానే మళ్లీ అందుకుంటాయి. ఒళ్లు అలిసినప్పుడు రోగుల చూపు మసకబారి, తర్వాత తేరుకోవడాన్ని 1890లోనే విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు రాసిపెట్టాడు. దానికి అసలు కారణం వేడి అని తర్వాత తేలింది. ఎమ్మారై రాకముందు కొందరు డాక్టర్లు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటపడతాయేమో చూసేవారు. మే నెల విజయవాడలో ఆ తొట్టి అవసరం లేదనుకోండి. ఈ వేడి వల్ల నరాలకు కొత్తగా నష్టం జరగదు. అయితే చల్లబడ్డాక కూడా తగ్గకుండా, రోజు దాటినా కొత్త లక్షణం అలాగే ఉంటే అది ఎండ పని కాదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

అత్తగారి మాట ఎంత గుచ్చుకుందో మీ ఉత్తరంలో కనిపిస్తోంది. అయినా ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చూడండి. మెడ నరాలు పట్టేసిన మనిషి పొయ్యి దగ్గర కూలబడి, ఏసీ దగ్గర లేచి నడవడం ఆవిడ తన డెబ్బై ఇళ్ల బంధుబలగంలో ఎక్కడా చూసి ఉండరు. మీరు చెప్పిన జబ్బుకూ ఆవిడ కళ్లకు కనిపిస్తున్న జబ్బుకూ పొంతన లేదు. నాటకం అనుకోవడానికి కావలసిన అబద్ధాన్ని మీ ఇంటివాళ్లే ఆవిడ చేతికి ఇచ్చారు.

నిజం చెప్పవలసింది మీవారు. కొడుకు చెబితే ఒకలా ఉంటుంది, కోడలు చెబితే ఒకలా ఉంటుంది. ఇది మీకు నేను చెప్పాలా? వంటింట్లో మాటామాటా పెరిగినప్పుడు కాకుండా, ఆవిడ తీరిగ్గా ఉన్న సాయంత్రం కూర్చుని చెప్పమనండి. వైద్య పదాలు వద్దు. అవనిగడ్డ వైపు మనిషికి శివారు భూముల బాధ ఎవరూ నేర్పనక్కర్లేదు. బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారు, కానీ దారిలో గట్టుకు అక్కడక్కడా గండ్లు పడ్డాయి, శివారు చేనుకు నీరందలేదు. ఆ చేను బీడుపడితే రైతు సోమరి అంటామా? ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరబడి, నరాల చుట్టూ ఉన్న మైలిన్ పొరకు గండ్లు కొడుతోంది. మెదడు చెప్పిన మాట కాళ్లదాకా చేరడం లేదు. పోలిక నూటికి నూరుపాళ్లు కుదరకపోవచ్చు గానీ, ఆవిడకు ఎమ్మారై రిపోర్టు కంటే బాగా అర్థమవుతుంది. ఒక్కసారికే మారిపోతారని మాత్రం ఆశపెట్టుకోకండి. మీవారు రెండోసారి, మూడోసారి కూడా చెప్పాలి. అందరి ముందూ ఆ మాట వచ్చినప్పుడు అక్కడికక్కడే అడ్డుపడాలి. భార్యను ఆస్పత్రులకు తిప్పిన మనిషి ఆ నాలుగు మాటలు మాట్లాడలేరా?

అమ్మ వేయించుకున్న ఒట్టు సంగతి కష్టమైనదే. పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో జబ్బు పేరు బయటికి వస్తే సంబంధాలు ఎలా వెనక్కి పోతాయో నాకు తెలుసు, అమ్మ భయాన్ని కొట్టిపారేయను. కానీ ఇది అంటువ్యాధి కాదు. తోబుట్టువుకు వచ్చే అవకాశం మిగతా వాళ్లకంటే కొంచెం ఎక్కువే అయినా, నూటికి రెండు మూడు మాత్రమే. అంటే తొంభై ఏడు మందికి రాదు. పైగా చెల్లెలి పేరు మీద నడుస్తున్న ఈ రహస్యంలో చెల్లెల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ముందు తనకు చెప్పండి. సంబంధం వాళ్లకు ఎంత చెప్పాలో తను తేల్చుకుంటుంది. అక్క జబ్బు గురించి ఊరంతా చాటనక్కర్లేదు. నిశ్చయమయ్యే దశలో వాళ్లు సూటిగా అడిగితే మాత్రం అబద్ధం ఆడకండి. పెళ్లయిన ఆరు నెలలకు తెలిస్తే మీ చెల్లెలు అక్కడ పడే మాటలు, ఇవాళ మీరు ఇక్కడ పడుతున్నవాటిలాగే ఉంటాయి.

ఉద్యోగం గురించి భయం వద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో మీ జబ్బు పేరు పెట్టి మరీ ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ దాని 20వ సెక్షన్ ఒప్పుకోదు. ప్రధానోపాధ్యాయుల వరకైనా చెప్పి ఉంచితే, మధ్యాహ్నం తరగతులు కింది అంతస్తులో ఇమ్మని అడగడానికి వీలుంటుంది.

మూత్రం ఇబ్బంది ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. మందులు, వ్యాయామాలు ఉన్నాయి, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. ఎక్కడికైనా వెళ్లాలంటే ముందురోజు నుంచే నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఎందరో. మీకూ ఆ అలవాటుంటే వదిలేయండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం తగిలిందంటే కాళ్లు ఇంకా తేలిపోతాయి.

తర్వాతి శుభలేఖ వచ్చినప్పుడు పక్కన పడేయకండి. మనకు రాత్రి ముహూర్తాలు ఎటూ ఎక్కువే, ఎండ బాధ ఉండదు. మండపంలోకి వెళ్లగానే బాత్‌రూమ్ ఎక్కడో మీవారిని కనుక్కోమనండి, కూలర్ పక్కన కుర్చీ చూసుకోండి. అక్షింతలు వేసి, తాంబూలం తీసుకుని, అలసట రాకముందే లేచి వచ్చేయండి. భోజనం చేయకుండా వెళ్లారని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.