అయ్యూబ్ అలైహిస్సలాం కూడా తన నొప్పి చెప్పుకున్నారు

వ అలైకుం అస్సలాం సిస్టర్. యాక్సిడెంట్ అయ్యి మీ ఆయన మంచం పట్టాక మీరు ఓ రోజు ఆగలేక ఏడిస్తే, మీ అత్తగారి వైపు వాళ్ళు "అయ్యూబ్ ప్రవక్త అన్నేళ్ళు జబ్బుతో ఉండి కూడా ఒక్క మాట అనలేదు, నీకు ఆమాత్రం సబర్ (ఓర్పు) లేదా" అన్నారని, ఏడిస్తే నిజంగానే సబర్ పోయినట్టా అని అడిగారు కదా. పోదు. అసలు ఆయన ఒక్క మాట అనలేదన్నదే తప్పు, ఆయన అన్న మాట ఖురాన్‌లోనే ఉంది.

ఖురాన్‌లో సూరా (అధ్యాయం) అంబియా 83వ ఆయత్ (వాక్యం) తీసి చూడండి. నాకు బాధ కలిగింది, కరుణించేవాళ్ళందరిలోకీ ఎక్కువ కరుణ గలవాడివి నువ్వే అని తన ప్రభువుని పిలిచారు. సూరా సాద్ 41లో అయితే ఇంకా గట్టిగానే, షైతాన్ నన్ను కష్టానికీ యాతనకీ గురిచేశాడని మొరపెట్టుకున్నారు. అదే సూరాలో 44కి వచ్చేసరికి ఆ మొరపెట్టుకున్న మనిషి గురించే అల్లాహ్ "అతన్ని సహనశీలిగా చూశాం, ఎంత మంచి దాసుడు" అంటున్నాడు. నొప్పి చెప్పుకుంటే సబర్ పోయేదైతే ఆ మాట అక్కడ ఎందుకుంటుంది చెప్పండి.

ఇది నేను ఇంట్లో చూసి చెప్తున్నా. మా అబ్బాకి పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది, చేసిందంతా మా అమ్మీయే. తయమ్ముమ్ (నమాజ్ ముందు నీళ్ళ బదులు మట్టితో శుద్ధి చేసుకోవడం) కోసం స్టీల్ పళ్ళెంలో శుభ్రమైన పొడిమట్టి పోసి మంచం కింద పెట్టుకునేది. తెల్లవారుజామున ఫజర్ నమాజ్ టైంకి అబ్బా ఎడమచెయ్యి తనే ఆనించుకునేవాడు, కుడిచెయ్యి మాత్రం అమ్మీ పట్టుకుని ముడుచుకుపోయిన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి మట్టికి తాకించి ఆయన మొహం మీద తుడిపించేది, తర్వాత ఆయన పడుకునే తలసైగలతో నమాజ్ చదివేవాడు. అయ్యాక "యా అల్లా, బహుత్ తక్లీఫ్ హై" (చాలా బాధగా ఉంది) అని పైకే అనేవాడు. చూడ్డానికి వచ్చినాయన ఒకరు "అలా అనకు భాయ్, సవాబ్ (పుణ్యం) పోతుంది, సబర్ కరో" అన్నారు. అంతే, అబ్బా నొప్పి గురించి మాట్లాడటమే మానేశాడు, ఎక్కడ మండుతుందో కూడా చెప్పలేదు, వీపు మీద పుండు లోతుగా దిగేదాకా మాకెవరికీ తెలీలేదు. మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ ఆ సలహా తల్చుకుంటే నాకిప్పటికీ మండుతుంది. తర్వాత మా మసీదు ఇమాం సాబ్ వచ్చి పక్కన కూర్చుని పైన చెప్పిన అంబియా ఆయత్ చదివి, ప్రవక్తే చెప్పుకున్నారు కదా నువ్వెందుకు దాస్తావ్ అన్నాక మళ్ళీ నోరు విప్పాడు.

"ఏం పాపం చేశారో" అని కూడా ఎవరో అన్నారని రాశారు. అదీ కొత్త కాదు. ఇబ్నె హిబ్బాన్ హదీసు (ముహమ్మద్ ప్రవక్త చెప్పిన మాటల) సంకలనంలో అయ్యూబ్ అలైహిస్సలాం 18 ఏళ్ళు ఆ పరీక్షలో ఉన్నారని ఉంది (ఖురాన్‌లో ఎన్నేళ్ళో లేదు), దగ్గరివాళ్ళూ దూరంవాళ్ళూ అందరూ వదిలేస్తే ఇద్దరు ఆప్తులు మాత్రం పొద్దునా సాయంత్రం వచ్చి చూసేవాళ్ళు, వాళ్ళలోనే ఒకాయన ఈ లోకంలో ఎవరూ చెయ్యని పాపమేదో చేసుంటాడు అన్నాడట, రెండో ఆయన ఆగలేక ఆ మాట అయ్యూబ్ దగ్గరే బయటపెట్టాడు. రోజూ వచ్చే మనిషే అంత మాట అన్నాడంటే ఇక మన చుట్టాలెంత.

ఇంకో విషయం, మన ఇళ్ళల్లో అయ్యూబ్ గురించి చెప్పే పురుగుల కథ, ఒంటి మీంచి కిందపడ్డ పురుగుని తీసి మళ్ళీ ఒంటి మీద పెట్టుకున్నారని, అది ఖురాన్‌లో లేదు, సహీ (నమ్మదగ్గ) హదీసులోనూ లేదు, చాలామంది ఉలమాలు (మత పండితులు) ఒప్పుకోరు కూడా. దాన్ని పట్టుకుని మిమ్మల్ని మీరు కొలుచుకోకండి.

అయ్యూబ్ భార్య సంగతి ఎవరూ మాట్లాడరు, నాకు అదే బాధ. ఖురాన్ వ్యాఖ్యానాల్లో చెప్పేదేంటంటే, ఆస్తి పోయాక ఆవిడ ఇళ్ళల్లో పని చేసి ఆయనకి తిండి తెచ్చేది, పని దొరకనప్పుడు జడ కోసి అమ్మిందని కూడా ఉంది. జబ్బులో ఏదో విషయానికి కోపమొచ్చి, బాగయ్యాక నిన్ను వంద దెబ్బలు కొడతానని ఆయన ఒట్టు పెట్టుకున్నారట. బాగయ్యాక ఏమైందో చూడండి, సూరా సాద్ 44లోనే ఉంది, ఒక కట్ట చేతిలోకి తీసుకుని దాంతో తాకించు, ఒట్టు తప్పకు అని అల్లాహ్ చెప్పాడు. వంద గడ్డిపోచల కట్టతో ఒక్కసారి అన్నమాట, ఆవిడకి దెబ్బ తగలకుండా. అన్నాళ్ళు సేవ చేసినావిడకి నొప్పి కలగకూడదని అల్లాహ్‌యే దారి చూపించాడు సిస్టర్, మిమ్మల్ని ఏడవొద్దు అనే హక్కు ఎవరికుంది?

అయ్యూబ్‌కి బాగయ్యాక జరిగింది బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. స్నానం చేస్తుంటే బంగారు మిడతలు పైనుంచి పడుతుంటే ఆయన గబగబా బట్టలోకి ఏరుకుంటున్నారు, అయ్యూబ్, నీకు ఇవి అవసరం లేనంత ఇచ్చాను కదా అని అల్లాహ్ అడిగితే, ఇచ్చావు ప్రభూ, కానీ నీ బర్కత్ (శుభం) అక్కర్లేదని ఎలా అంటాను అన్నారు. అంత ఓర్చిన మనిషి సుఖం వద్దనుకోలేదు. మీరూ మీ ఆయన మళ్ళీ నడవాలని ప్రతి నమాజ్‌లో గట్టిగా అడగండి.

ఫిజియోథెరపీ ఆపకండి, వైద్యం చేయించుకోమని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిందే. రెండు గంటలకోసారి పక్క మార్చండి, నడుం కింద, మడమల దగ్గర రోజూ చూస్తూ ఉండండి, ఎర్రబడితే వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఎక్కడ నొప్పి అని ఆయన్ని మీరే అడగండి, తనంతట తను చెప్పకపోవచ్చు. రాత్రంతా మీరొక్కరే లేవడం అయ్యే పని కాదు, మీ మరిదినో అత్తగారినో కూర్చోబెట్టి వారానికి రెండు రాత్రులు మీరు చూసుకోండి అని నేరుగా అడగండి, మొహమాటపడకండి.